రెండో చిట్టా ఎక్కడుంది?

ఒక ఆసుపత్రుల సంస్థలో డేటాబేస్‌లు చూసుకునే రోజుల్లో ఓ రాత్రి రెండున్నరకు ఫోన్ మోగింది. రిజిస్ట్రేషన్ కౌంటర్లో తెర కదలడం లేదు. ఎమర్జెన్సీకి వచ్చిన రోగి పాత కేస్ షీటు తెరుచుకోవడం లేదు. స్టోరేజి కంట్రోలర్ పోయిందని పది నిమిషాల్లో తేలింది. నాకు పెద్దగా కంగారు కలగలేదు. రోజూ అర్ధరాత్రి బ్యాకప్ పడుతోంది, పొద్దున్నే పచ్చ టిక్కుతో మెయిల్ వస్తోంది. వేరే సర్వర్ మీద రీస్టోర్ మొదలుపెట్టాను. మొదటి నిమిషంలోనే ఆగిపోయింది. డేటాబేస్ ఎన్‌క్రిప్షన్‌లో ఉంది, దాని సర్టిఫికెట్ కొత్త సర్వర్‌లో లేదు. సర్టిఫికెట్ ఫైలు వెతికి పట్టుకున్నాం గానీ దాని పాస్‌వర్డ్ ఏడాది క్రితం ఉద్యోగం మానేసిన సహోద్యోగికి తప్ప ఎవరికీ తెలియదు. ఆయన ఫోన్ ఎత్తేసరికి ఆరయింది. రీస్టోర్ ముగిసేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. ఆ పదిగంటలూ నర్సులు పాత నోట్‌బుక్కుల్లో చేత్తో మందులు రాసుకుంటూ వార్డుల మధ్య పరిగెత్తారు.

క్లస్టర్ల గురించీ రెప్లికేషన్ గురించీ నాకు తెలియనిది లేదని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఎవరైనా మా డేటాబేస్‌కు ఏ రక్షణ పెట్టుకోమంటారు అని అడిగితే ముందు ఉత్పత్తుల పేర్లు చెప్పను. ఏం జరుగుతుందని భయపడుతున్నారు, ఎంత పోతే తట్టుకోగలరు, అది జరిగిన రాత్రి లేచి పని చేసే మనిషెవరు అని అడుగుతాను. అందుబాటులో ఉన్న పద్ధతులను ఈ ప్రశ్నల ముందు నిలబెట్టి చూడటమే ఈ వ్యాసం పని.

హైఅవైలబిలిటీ, డిజాస్టర్ రికవరీ అన్న మాటలు జంటగా వినిపిస్తాయి. టెండర్ కాగితాల్లో ‘హెచ్ఏ-డీఆర్’ అని ఒకే గడిలో రాసేస్తారు. చాలా పొరపాట్లకు పుట్టుక అక్కడే. మొదటిది మామూలు రోజు సంగతి. డిస్క్ పోతుంది, పవర్ సప్లై కాలుతుంది, ప్యాచ్ వేసి రీబూట్ చేయాల్సి వస్తుంది. కౌంటర్లో కూర్చున్న మనిషికి తెలియకుండా పని నడిచిపోవాలి. రెండోది పాడు రోజు సంగతి. భవనం కాలింది, ఊరు మునిగింది, ఎవరో పొరపాటున టేబుల్ తుడిచేశారు, దుండగులు డిస్కులన్నిటికీ తాళం వేసి డబ్బు అడుగుతున్నారు. మొదటిదానికి కొన్న సరంజామా రెండోదానికి పనికిరాకపోవడమే కాదు, కొన్నిసార్లు నష్టాన్ని క్షణాల్లో రెండోచోటికి మోసుకుపోతుంది కూడా.

పాత కిరాణా కొట్లో లెక్క రాసే తీరు తెలిసినవాళ్లకు డేటాబేస్ లోపలి పని ఇట్టే అర్థమవుతుంది. అమ్మకం జరగ్గానే ముందు చిట్టాలో వరసగా ఎక్కిస్తారు. తీరిక చిక్కాక ఆవర్జాలో ఎవరి పద్దు కింద వాళ్లది రాస్తారు. ఆవర్జాను చెదలు తిన్నా చిట్టా ఉంటే మళ్లీ రాసుకోవచ్చు. ఒరాకిల్‌లో రీడూ లాగ్, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ట్రాన్సాక్షన్ లాగ్, పోస్ట్‌గ్రెస్‌లో వాల్, మైఎస్‌క్యూఎల్ రెప్లికేషన్ కోసం రాసే బిన్‌లాగ్, ఇవన్నీ చిట్టాలే. ఈ రంగంలోని పద్ధతుల్లో నూటికి తొంభై చేసేది ఒకే పని: చిట్టాకు రెండో ప్రతి రాయించడం. ఆ రెండోది ఎక్కడుంటుంది, మొదటిది రాసిన ఎంతసేపటికి రాస్తారు అన్నచోటే తేడాలన్నీ పుడతాయి.

ఎంత పోతే తట్టుకోగలమన్న ప్రశ్నకు రెండు కొలతలు వాడుకలో ఉన్నాయి. ఆర్పీవో అంటే చిట్టాలో చివరి ఎన్ని నిమిషాల రాతలు పోయినా పర్వాలేదన్న లెక్క. ఆర్టీవో అంటే కొట్టు మళ్లీ తెరవడానికి ఎంతసేపు ఆగగలరన్న లెక్క. యాజమాన్యాన్ని అడిగితే రెండిటికీ సున్నా అంటారు. అలా అడగకూడదు. ‘నిన్న సాయంత్రం నాలుగు నుంచి నాలుగుంబావు దాకా వచ్చిన రసీదులు పోతే కాగితాలు చూసి మళ్లీ ఎక్కించగలరా?’ అని క్యాషియర్‌ను అడగాలి. క్యాషియర్ నిజం చెబుతాడు. లైబ్రరీలో పావుగంట పోతే మళ్లీ ఎక్కిస్తారు. బ్యాంకు బదిలీల్లో ఒక్కటి పోయినా ఇంకో బ్యాంకు లెక్కతో పొంతన కుదరదు. శాతాల్లో మాట్లాడేవాళ్లకూ ఇదే చెబుతాను. 99.9 శాతం అంటే ఏడాదిలో దాదాపు 8 గంటల 45 నిమిషాలు ఆగినా లెక్కలోకి వస్తుంది. 99.99 అంటే 52 నిమిషాలు. 99.999 అంటే అయిదు నిమిషాల పైచిలుకు. ఆ 52 నిమిషాలు ఒకే సోమవారం పొద్దున పోవడం వేరు, పన్నెండు ఆదివారం రాత్రుల్లో నాలుగేసి నిమిషాలు పోవడం వేరు. శాతం ఆ తేడాను దాచేస్తుంది.

ఇక భయం సంగతి. 1985లో జిమ్ గ్రే, అప్పట్లో ఆగని కంప్యూటర్లకు పేరుపడ్డ టాండెమ్ కంపెనీ యంత్రాలు అసలు ఎందుకు ఆగుతున్నాయో లెక్క తీశారు. సిస్టమ్ నిర్వహణలో మనుషులు చేసే పనుల వల్ల 42 శాతం, సాఫ్ట్‌వేర్ వల్ల 25 శాతం, హార్డ్‌వేర్ వల్ల 18 శాతం అని తేలింది. నలభై ఏళ్లలో డిస్కులు మారాయి, నెట్‌వర్కులు మారాయి. ఆ వరస మాత్రం నా అనుభవంలో మారలేదు. అయినా మన బడ్జెట్లు ఆ వరసను తలకిందులు చేసినట్టు ఉంటాయి. రెండో సర్వర్‌కు డబ్బు దొరుకుతుంది, మనిషి చేసే తప్పు నుంచి కాపాడే ఏర్పాటుకు దొరకదు.

పద్ధతుల్లో పాతది ఒకే స్టోరేజి, రెండు సర్వర్లు. విండోస్ ఫెయిలోవర్ క్లస్టర్ మీద ఎస్‌క్యూఎల్ సర్వర్ నడిపే తీరు ఇదే. ఒక సర్వర్ పడితే రెండోది అదే డిస్కులను అందుకొని లేస్తుంది. 2001 ప్రాంతంలో వచ్చిన ఒరాకిల్ ర్యాక్ ఇంకో మెట్టు ఎక్కి, రెండు మూడు సర్వర్లు ఒకేసారి ఒకే డేటాబేస్ మీద పనిచేసేలా చేసింది. ప్యాచ్‌లు వేసుకోవడానికీ, ఒక సర్వర్ చచ్చినా పని నడవడానికీ ఇవి మంచివే. కానీ ఆవర్జా ఒక్కటే, చిట్టా ఒక్కటే. మా ఆసుపత్రిలో పోయింది సరిగ్గా అదే స్టోరేజి. దాని ముందు ఎన్ని సర్వర్లు నిలబెట్టినా ఆ రాత్రి అంతే. ర్యాక్ ఉంది కాబట్టి డీఆర్ అక్కర్లేదన్న మాట నేను ఒకటికి రెండు సమావేశాల్లో విన్నాను. రెండుసార్లూ గట్టిగానే కాదన్నాను.

తర్వాతిది రెప్లికేషన్. ఎక్కువ మంది ఇప్పుడు ఎంచుకునేది, ఎక్కువ అపోహలున్నదీ ఇదే కాబట్టి కాస్త నిలిచి చూడాలి. రెండో సర్వర్‌కు తన సొంత డిస్కు, సొంత ప్రతి. ప్రైమరీ రాసిన చిట్టా స్టాండ్‌బైకి ఎప్పటికప్పుడు వెళుతుంది. ఒరాకిల్‌లో డేటా గార్డ్, 2012 నుంచి ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఆల్వేస్ ఆన్ అవైలబిలిటీ గ్రూప్స్, 2010లో 9.0తో పోస్ట్‌గ్రెస్‌కు వచ్చిన స్ట్రీమింగ్ రెప్లికేషన్, మైఎస్‌క్యూఎల్‌లో సెమీసింక్, గ్రూప్ రెప్లికేషన్ ఈ కోవలోవి. స్టాండ్‌బై ‘అందింది’ అన్నాకే కమిట్ పూర్తయిందని చెబితే సింక్రనస్. ముందు చెప్పేసి తర్వాత పంపితే ఎసింక్రనస్. మొదటిదాంట్లో చిట్టా పోదు, కానీ ప్రతి కమిట్ రెండో సర్వర్ దాకా వెళ్లి రావాలి. రెండోదాంట్లో వేగం తగ్గదు, కానీ ప్రైమరీ చచ్చిన క్షణాన పంపని రాతలు దానితోనే పోతాయి.

సింక్రనస్ అని పెట్టుకున్నాం కాబట్టి నష్టం సున్నా అని నిద్రపోయేవాళ్లను చూస్తే నాకు భయం. స్టాండ్‌బై పలకకపోతే ఏం చేయాలన్న ప్రశ్నకు ఒక్కో డేటాబేస్‌ది ఒక్కో సమాధానం. మైఎస్‌క్యూఎల్ సెమీసింక్ మామూలుగా 10 సెకన్లు చూసి, ఆపైన చప్పుడు చేయకుండా ఎసింక్రనస్‌లోకి జారుకుంటుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ అవైలబిలిటీ గ్రూప్ సెకండరీ తెగిపోతే, వేరే షరతు పెట్టకపోతే, దాన్ని పక్కనపెట్టి ఒంటరిగా సాగిపోతుంది. ఒరాకిల్‌లో ‘మ్యాగ్జిమమ్ అవైలబిలిటీ’ కూడా అంతే చేస్తుంది. ‘మ్యాగ్జిమమ్ ప్రొటెక్షన్’ అని ఎంచుకుంటే మాత్రం స్టాండ్‌బైలేవీ అందనప్పుడు ప్రైమరీని ఆపేస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో సింక్రనస్ స్టాండ్‌బై ఒక్కటే ఉండి అది పడితే కమిట్లు అలా వేలాడుతూనే ఉంటాయి. అంటే ఇక్కడ ఎంచుకునేది మామూలు సెట్టింగ్ కాదు. లింకు తెగినప్పుడు కొట్టు మూయాలా, లేక చిట్టా ఒకే ప్రతితో సాగాలా అన్నది వ్యాపార నిర్ణయం. దాన్ని డీబీఏ ఒక్కడే కూర్చుని తీసుకోకూడదు. ఏది ఎంచుకున్నా, సింక్ నుంచి జారిన ఆ నిమిషంలో ఎవరి ఫోనో మోగేలా అలారం ఉండాలి. లింకు జారి మూడు వారాలైనా ఎవరూ గమనించని సర్వర్‌ను నేనే ఒకచోట తెరిచి చూశాను.

దూరం లెక్క ఇంకా కఠినం, ఎందుకంటే దాన్ని డబ్బుతో కొనలేం. ఫైబర్‌లో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. వంద కిలోమీటర్లు వెళ్లి రావడానికి ఒక మిల్లీసెకను. గచ్చిబౌలి నుంచి ఊరి అటుచివర ఉన్న రెండో డేటా సెంటర్‌కు ఇది లెక్కలోకి రాదు. హైదరాబాద్ నుంచి విశాఖకు తిన్నగా గీత గీస్తే దాదాపు 500 కిలోమీటర్లు, చెన్నైకి ఇంకాస్త ఎక్కువ, ముంబైకి 620 చిల్లర. కేబుల్ తిన్నగా పోదు, మధ్యలో పరికరాలుంటాయి. కాబట్టి విశాఖ దాకా రానుపోను 10 మిల్లీసెకన్లు అనుకుందాం. కౌంటర్లో రసీదు కొట్టే మనిషికి అది తెలియనే తెలియదు. నెలాఖరు వడ్డీలు ఎక్కించే బ్యాచ్ ఒక్కో ఖాతాకు ఒక్కో కమిట్ చేస్తూ పది లక్షల ఖాతాలు తిరిగితే, కేవలం ఎదురుచూపులకే 10,000 సెకన్లు, అంటే రెండుముప్పావు గంటలు పోతాయి. అదే బ్యాచ్‌ను వెయ్యేసి ఖాతాలకు ఒక కమిట్ చేసేలా తిరగరాస్తే ఎదురుచూపు పది సెకన్లకు దిగుతుంది. దూరపు సింక్రనస్ కుదరదని తేల్చేముందు అప్లికేషన్ రాసినవాళ్లతో ఒక పూట కూర్చోవడం మంచిది. అయినా నా సలహా మాత్రం ఒకే ఊళ్లో సింక్రనస్, దూరపు ఊరికి ఎసింక్రనస్. మన దేశపు స్టాక్ ఎక్స్ఛేంజీలు నడిచే పద్ధతి కూడా ఇదే: దగ్గర్లో ఒక్క రాతా పోకుండా చూసే నియర్ సైట్, దూరాన డీఆర్ సైట్.

ప్రైమరీ పడిందని ఎవరు తేల్చాలి? ఇక్కడే మంచి మంచి సంస్థలు దెబ్బతిన్నాయి. ఇద్దరే ఉన్నచోట మధ్య లింకు తెగితే రెండోవాడికి మొదటివాడు చచ్చాడో, దారి మూసుకుపోయిందో తెలియదు. చచ్చాడనుకొని తానూ ప్రైమరీ అయిపోతే రెండుచోట్లా రాతలు మొదలవుతాయి. దీన్నే స్ప్లిట్ బ్రెయిన్ అంటారు. రెండు చిట్టాలూ నిజమే, కలపడానికి మాత్రం వీలు కాదు. అందుకే మూడో సాక్షి కావాలి. మెజారిటీ ఉన్నవైపే ప్రైమరీ ఉండాలన్నది కోరం నియమం. పోస్ట్‌గ్రెస్‌కు ఎక్కువమంది వాడే పాట్రోని, ఎట్‌సీడీ వంటి చోట లీడర్ తాళం పెట్టి, మామూలుగా 30 సెకన్ల గడువులోపు ప్రైమరీ దాన్ని కొత్తది చేసుకోకపోతే వేరేవాళ్లకు ఇస్తుంది. ఆ మూడో సాక్షిని ప్రైమరీ ఉన్న గదిలోనే, అదే స్విచ్ కింద పెట్టిన డిజైన్లు ఎన్నో చూశాను. అలా పెట్టాక సాక్షి ఉన్నా లేనట్టే.

కోరం సరిగ్గా పనిచేసినా చిక్కు రావచ్చనడానికి గిట్‌హబ్ సంఘటనే పాఠం. 2018 అక్టోబర్ 21న నెట్‌వర్క్ పరికరం మారుస్తుండగా అమెరికా తూర్పు తీరంలోని వాళ్ల డేటా సెంటర్‌కు 43 సెకన్లపాటు సంబంధం తెగింది. మైఎస్‌క్యూఎల్ క్లస్టర్లను చూసుకునే ఆర్కెస్ట్రేటర్ నియమం ప్రకారమే పశ్చిమ తీరంలో కొత్త ప్రైమరీలను నిలబెట్టింది. అప్పటికే తూర్పున పడి పశ్చిమానికి చేరని రాతలు కొన్ని మిగిలిపోయాయి. బాగా రద్దీ ఉన్న ఒక క్లస్టర్‌లో అవి 954. లింకు వచ్చాక పశ్చిమాన దాదాపు నలభై నిమిషాల కొత్త రాతలు పేరుకున్నాయి. వెనక్కి తిప్పడానికి వీల్లేదు, తూర్పున ఉన్న అప్లికేషన్లు దేశం అటుచివరి డేటాబేస్‌తో మాట్లాడుతూ బతకలేవు. మొత్తం కుదురుకునేసరికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. 43 సెకన్లు ఓపిక పట్టి ఉంటే ఇదేదీ జరిగేది కాదు. తర్వాత వాళ్లు ఒక ప్రాంతం నుంచి ఇంకో ప్రాంతానికి ఆర్కెస్ట్రేటర్ తనంతట తాను ప్రైమరీని మార్చకుండా కట్టడి చేశారు. నేనూ అదే పాటిస్తాను. ఒకే ఊళ్లో ఫెయిలోవర్ యంత్రానికి వదిలేయవచ్చు. ఊరు దాటే ఫెయిలోవర్‌కు మనిషి నిర్ణయం ఉండాలి. ఆ మనిషి ఎవరో, ఆయన దొరక్కపోతే ఇంకెవరో, ఎన్ని నిమిషాల్లో తేల్చాలో ముందే రాసి ఉండాలి.

ఆ నిర్ణయం వేళకు జరగకపోతే ఏమవుతుందో 2021 ఫిబ్రవరి 24న దేశమంతా చూసింది. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో టెలికాం లింకుల ఇబ్బందితో మొదలై స్టోరేజి దాకా పాకిన సమస్యతో 11.40కి ట్రేడింగ్ ఆగింది. మధ్యాహ్నం 3.45కి గానీ మొదలుకాలేదు. డీఆర్ సైట్ ఉన్నా అక్కడికి మారలేదు. తర్వాతి నెలలోనే మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నిబంధనలు బిగించింది. కీలక వ్యవస్థ ఆగితే 30 నిమిషాల్లో అది డిజాస్టరో కాదో తేల్చాలి, ప్రకటించిన 45 నిమిషాల్లో డీఆర్ నుంచి పని మొదలవ్వాలి, ఆర్పీవో 15 నిమిషాలు. డీఆర్ సైట్ వీలైతే వేరే భూకంప ప్రాంతంలో, అది కుదరకపోతే కనీసం 500 కిలోమీటర్ల దూరంలో ఉండాలన్న ఆలోచన కూడా ఆ నిబంధనల్లో ఉంది. వీటిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఆ 30 నిమిషాల గడువు. ఇంకో పది నిమిషాల్లో సరిచేసేస్తాం అనే మాట మీద ఎన్ని గంటలు కరిగిపోతాయో సర్వర్ గదిలో నిలబడ్డవాళ్లందరికీ తెలుసు.

రెప్లికేషన్ ఎంత బాగున్నా అది తప్పును కూడా నమ్మకంగా మోసుకెళుతుంది. డిలీట్ కూడా చిట్టాలో ఒక రాతే కదా. 2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీరు వెనకబడిన సెకండరీని బాగుచేయబోయి, తాను ప్రైమరీ మీద ఉన్నానని గమనించక డేటా డైరెక్టరీని తుడిచేశారు. ఆపేలోపే దాదాపు 300 గిగాబైట్లు పోయాయి. బ్యాకప్‌లు వెతికితే, రోజూ పడాల్సిన పోస్ట్‌గ్రెస్ డంప్ పడటమే లేదు. సర్వర్ 9.6 అయితే డంప్ తీసే ప్రోగ్రాం 9.2ది. విఫలమైందని చెప్పే మెయిళ్లు మెయిల్ సర్వర్ దగ్గరే తిరస్కరణకు గురవుతున్నాయి. చివరికి ఆరు గంటల ముందు ఎవరో వేరే అవసరానికి తీసుకున్న స్నాప్‌షాట్ కాపాడింది. ఆ ఆరు గంటల్లో వచ్చిన వేలకొద్దీ ప్రాజెక్టులు, వ్యాఖ్యలు, ఏడువందల దాకా ఖాతాలు పోయాయి. ఆ సంస్థ జరిగినదంతా దాచకుండా రాసి, బాగుచేసే పనిని యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించింది. ఆ నిజాయతీ వల్లే ఇన్నేళ్ల తర్వాత కూడా మనం దాన్నుంచి నేర్చుకోగలుగుతున్నాం.

అందుకని రెప్లికేషన్ పక్కన తప్పనిసరిగా ఉండాల్సినవి రెండు. ఒకటి, పూర్తి బ్యాకప్, దానిమీద వరసగా దాచిన చిట్టాలు. ఇవి ఉంటే తప్పు జరగడానికి ఒక్క నిమిషం ముందున్న స్థితికి డేటాబేస్‌ను తీసుకెళ్లవచ్చు. పోస్ట్‌గ్రెస్‌కు పీజీబ్యాక్‌రెస్ట్, బార్‌మన్, ఒరాకిల్‌కు ఆర్‌మన్ ఈ పని చేస్తాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో పావుగంటకోసారి లాగ్ బ్యాకప్ తీస్తే చాలు. మధ్యలో ఒక్క లాగ్ ఫైలు పోయినా గొలుసు అక్కడే తెగుతుందని మాత్రం మరవకూడదు. రెండోది, కావాలని కొన్ని గంటలు వెనక నడిపించే స్టాండ్‌బై. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్, ఒరాకిల్ మూడిటిలోనూ ఆ వీలుంది. తప్పు జరిగిందని గంటలోపు తెలిస్తే, ఆ స్టాండ్‌బైని అక్కడే ఆపి పోయిన టేబుల్‌ను తెచ్చుకోవచ్చు. ఖర్చు తక్కువ, మేలు ఎక్కువ. ఇంత తక్కువమంది దీన్ని ఎందుకు వాడుతున్నారో నాకు అర్థం కాదు.

దుండగుల సంగతి వేరు. వాళ్లు స్టాండ్‌బైనీ, బ్యాకప్ సర్వర్‌నీ వెతికి మరీ పాడుచేస్తారు. 2017 జూన్‌లో నాట్‌పెట్యా దాడిలో మెర్స్క్ షిప్పింగ్ కంపెనీ డొమైన్ కంట్రోలర్లు ప్రపంచమంతటా తుడిచిపెట్టుకుపోయాయి. అవి ఒకదాన్నొకటి కాపీ చేసుకునేవి కాబట్టి విడిగా బ్యాకప్ అక్కర్లేదనుకున్నారు. ఘనాలో కరెంటు పోయి ఆఫ్‌లో ఉండిపోయిన ఒక్క సర్వర్ మిగిలింది, దాని నుంచే అన్నీ మళ్లీ కట్టుకున్నారు. 2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్ మీద దాడి జరిగినప్పుడు ఈ-హాస్పిటల్ నడిచే అయిదు సర్వర్లలో దాదాపు 1.3 టెరాబైట్ల డేటాకు తాళం పడింది. రెండు వారాల దాకా ఓపీ పనులు కాగితం మీద నడిచాయి. దాడి సోకని బ్యాకప్ సర్వర్ ఒకటి ఉండబట్టి డేటా దొరికింది. ఘనా సర్వర్‌ను కాపాడిన ఆ కరెంటు కోత పనిని మనం కావాలని చేసుకోవాలి. ఒక ప్రతి నెట్‌వర్క్‌కు అందకుండా ఉండాలి, లేదా ఇన్ని రోజులదాకా అడ్మిన్ కూడా తుడవలేని తాళంలో ఉండాలి. డేటాబేస్ అడ్మిన్ పాస్‌వర్డ్‌తో బ్యాకప్ కూడా తెరుచుకుంటే ఆ తాళానికి అర్థం లేదు.

చోటు విషయంలో తెలుగు నేల మీద సర్వర్లు పెట్టేవాళ్లకు కొన్ని మాటలు. హైదరాబాద్ భూకంప పటంలో చాలాకాలంగా తక్కువ ప్రమాదమున్న ప్రాంతం. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ జాతీయ డేటా సెంటర్లలో ఒకటి ఇక్కడుంది. అమెజాన్ 2022 నవంబర్‌లో తన రెండో భారతీయ రీజియన్‌ను ఇక్కడే తెరిచింది. కానీ 2020 అక్టోబర్ వాన ఈ ఊరినీ ముంచింది. విజయవాడ 250 కిలోమీటర్లే. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు ఏం చేసిందో ఇంకా మరవలేదు. విశాఖ దూరం బాగుంది గానీ 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు, ఫోన్లు లేవు. దానర్థం విశాఖ వద్దని కాదు. రెండు ఊళ్లకూ ఒకే రోజు ఒకే ఆపద రాకూడదు, అంతే చూడాలి. హైదరాబాద్, విశాఖ జంటకు ఆ గుణం ఉంది. చెన్నై, విశాఖ జంటకు మాత్రం రెండూ ఒకే తీరాన ఉన్నాయి కాబట్టి నేను వెనకాడతాను.

ఊరు మారినా దారి ఒకటే అయితే ఉపయోగం లేదని కొరియా మెసేజింగ్ సంస్థ కాకావో అనుభవం చెబుతుంది. 2022 అక్టోబర్ 15న దక్షిణ కొరియాలోని పాంగ్యో డేటా సెంటర్‌లో బ్యాటరీల నుంచి మంట లేచింది. వాళ్ల సేవలు పూర్తిగా కుదురుకునేసరికి 127 గంటల 30 నిమిషాలు పట్టింది. డేటా వేరేచోట కూడా ఉంది. అక్కడికి మార్చే పనిముట్లు పాంగ్యోలోనే ఉండిపోయాయి. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో క్లౌడ్ సంస్థ ఓవీహెచ్ భవనం కాలిపోయినప్పుడు, సర్వర్ ఉన్న ప్రాంగణంలోనే బ్యాకప్ ఉంచుకున్నవాళ్లు రెండూ పోగొట్టుకున్నారు.

క్లౌడ్‌లో ఈ పనుల్లో చాలా భాగం ఎవరో చేసిపెడతారు. అమెజాన్ ఆర్‌డీఎస్‌లో మల్టీ ఏజెడ్ అని ఎంచుకుంటే వేరే భవనంలో సింక్రనస్ స్టాండ్‌బై వస్తుంది, ఫెయిలోవర్ మామూలుగా ఒకటి రెండు నిమిషాల్లో అవుతుంది. చిన్న బృందానికి అది పెద్ద వరం. కాకపోతే అది హైఅవైలబిలిటీ మాత్రమే. ఇంకో రీజియన్‌లో ప్రతి, ఇంకో ఖాతాలో బ్యాకప్ విడిగా పెట్టుకోవాల్సిందే. 2024 మేలో ఆస్ట్రేలియా పెన్షన్ నిధి యూనిసూపర్ గూగుల్ క్లౌడ్ ప్రైవేట్ వ్యవస్థ ఒక తప్పు సెట్టింగ్ వల్ల తుడిచిపెట్టుకుపోయింది. వాళ్లు మళ్లీ నిలబడటానికి విడిగా దాచుకున్న బ్యాకప్‌లు సాయపడ్డాయి.

మరి ఎవరికి ఏది? డీబీఏ లేని కాలేజీకో, మండల స్థాయి సహకార సంఘానికో క్లస్టర్ వద్దంటాను. నెలకోసారి కూడా ముట్టుకోని క్లస్టర్ ఒంటరి సర్వర్ కంటే ఎక్కువసార్లు ఆగుతుంది. ఒక మంచి సర్వర్, పావుగంటకోసారి ఊరు దాటే లాగ్ బ్యాకప్, బీరువాలో వారానికో డిస్కు, రీస్టోర్ చేయడం తెలిసిన ఇద్దరు మనుషులు చాలు. రెండు మూడు వందల పడకల ఆసుపత్రికి, జిల్లా సహకార బ్యాంకుకు ఒకే ఊళ్లో సింక్రనస్ జంట, సరైన చోట మూడో సాక్షి, దూరాన ఎసింక్రనస్ స్టాండ్‌బై, కొన్ని గంటలు వెనక నడిచే ప్రతి, తుడవలేని బ్యాకప్. లైసెన్సులకు డబ్బు తక్కువైతే పోస్ట్‌గ్రెస్ వైపు చూడమంటాను. ఒరాకిల్‌లో డేటా గార్డ్ ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌తోనే వస్తుంది, ర్యాక్‌కు పైన మళ్లీ చెల్లించాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్ స్టాండర్డ్‌లో అవైలబిలిటీ గ్రూప్‌కు ఒకటే డేటాబేస్, రెండే ప్రతులు. మూడు ఊళ్లలో ఒకేసారి రాసే స్పానర్, కాక్‌రోచ్‌డీబీ, యుగబైట్ లాంటివి నిజంగా దేశమంతా పరుచుకున్న చెల్లింపుల సంస్థలకు తగినవి. మిగతావాళ్లు వాటి ఖర్చునూ, అప్లికేషన్ తిరగరాసే శ్రమనూ ముందే లెక్కేసుకోవాలి.

ఏది ఎంచుకున్నా అది పనిచేస్తుందో లేదో తేలేది డ్రిల్‌లోనే. 2024 మార్చి 2న, శనివారం, దేశంలోని రెండు పెద్ద స్టాక్ ఎక్స్ఛేంజీలూ పొద్దున ప్రైమరీ నుంచి ముప్పావుగంట నిజమైన ట్రేడింగ్ నడిపి, ఆపి, 11.30 నుంచి గంటసేపు డీఆర్ నుంచి నడిపాయి. నిజమైన డబ్బుతో, నిజమైన ఖాతాదార్లతో చేయడం దాని గొప్పతనం. మా మొదటి డ్రిల్‌లో డేటాబేస్ నాలుగు నిమిషాల్లో అవతలి ఊళ్లో లేచింది. అప్లికేషన్ లేవడానికి మూడు గంటలు పట్టింది, ఎందుకంటే పద్నాలుగు కాన్ఫిగరేషన్ ఫైళ్లలో పాత ఐపీ అడ్రస్ రాసి ఉంది. ఆ పద్నాలుగూ ఏ రెప్లికేషన్ రిపోర్టులోనూ కనిపించవు.

ఇప్పుడు మా బృందంలో నెల మొదటి శనివారం రీస్టోర్ రోజు. ఏ రోజు బ్యాకప్ అన్నది చీటీ వేసి తీస్తాం. అందరికంటే కొత్తగా చేరినవాళ్లే చేయాలి, పాతవాళ్లు కీబోర్డ్ ముట్టుకోకూడదు. ఎన్ని గంటలు పట్టిందీ, ఎక్కడ ఆగిందీ ఒక పుస్తకంలో చేత్తో రాస్తారు. సర్వర్లన్నీ పడ్డ రోజున తెరుచుకునేది ఆ పుస్తకమే కాబట్టి దాన్ని కంప్యూటర్లో పెట్టలేదు. పోయిన నెల ఆర్నెల్ల కిందట చేరిన అమ్మాయి చేసింది. రెండు గంటలనుకున్నది మూడు గంటల పది నిమిషాలయింది. డీఆర్ లింకు మిగతా ట్రాఫిక్‌తో నిండిపోవడం కారణమని కనిపెట్టి రాసింది. కింద ఇంకో వరస చేర్చింది: ‘సర్టిఫికెట్ పాస్‌వర్డ్ కవరు బీరువా రెండో అరలో ఉంది. బీరువా తాళం సెక్యూరిటీ దగ్గర. రాత్రి రెండింటికి వెళ్లి అడిగాను, ఇచ్చారు.’